అందరూ కోర్సు పూర్తి చేశారు, వార్డులో పని మాత్రం మారలేదు. ఎక్కడ సరిచేయాలి?

వార్డు_టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆసుపత్రిలో నర్సులకు ట్రైనింగ్ ఇస్తుంటాను. దానికి ముందు పదకొండేళ్లు వార్డులోనే చేశాను కాబట్టి చెప్పే విషయం మీద పట్టు ఉంది. ఆన్‌లైన్ కోర్సు తయారు చేయడం మాత్రం ఇదే మొదటిసారి.

రక్తం శాంపిల్ తీయడం, ట్యూబుకు లేబుల్ అంటించడం, ల్యాబ్‌కు పంపడం. కోర్సు దీని గురించే. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. కానీ ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడితే జరిగేది చిన్నది కాదు. బ్లడ్ గ్రూపు పరీక్షలో అలా జరిగితే మనిషి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ పాఠాన్ని ఏళ్ల తరబడి ఒక రోజు క్లాసుగా, ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి చెప్పేదాన్ని. డ్యూటీలు వదిలి రావడం కష్టమవుతోందని ఈ ఏడాది ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు.

నాకు తోచినట్టు చేశాను. క్లాసులో వాడే పీపీటీనే తీసుకున్నాను, 84 స్లైడ్లు. వాటి మీద ఉన్న ప్రతి వాక్యాన్నీ నా గొంతుతో చదివి రికార్డు చేశాను. ఎవరూ దాటేయకూడదని, ఆడియో అయ్యేదాకా నెక్స్ట్ బటన్ పనిచేయకుండా పెట్టించాను. చివర 20 ప్రశ్నల క్విజ్, 80 శాతం వస్తే పాస్. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. మూడు నెలలు ఇంటికొచ్చాక కూడా దీని మీదే కూర్చున్నాను.

412 మంది పూర్తి చేశారు. సగటు మార్కు 91. కోర్సు బాగుందని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశారు. తర్వాత నెల ల్యాబ్‌కు వెళ్లి, లేబుల్ సరిగా లేక వెనక్కి పంపిన శాంపిళ్లు ఎన్నని అడిగాను. కోర్సుకు ముందు నెల 31. తర్వాత నెల 29.

నమ్మలేక ఒక రోజు తెల్లవారుజామున వార్డులో నిలబడి చూశాను. క్విజ్‌లో 95 తెచ్చుకున్న అమ్మాయి నర్సింగ్ స్టేషన్‌లోనే ఐదుగురి లేబుళ్లు ప్రింట్ తీసి, ఖాళీ ట్యూబులకు ముందే అంటించేసి, ట్రే పట్టుకుని బయల్దేరింది. సరిగ్గా ఇది చేయకూడదనే కోర్సంతా చెప్పింది. ఆపి అడిగితే, "రూలు తెలుసు మేడమ్. ఏడింటిలోపు పదకొండు మందికి తీయాలి, ప్రింటర్ ఇక్కడే ఉంది" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నేను చెప్పింది ఆమె దాకా చేరి కూడా చేతుల్లోకి దిగలేదని బాధపడ్డాను.

ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో సలహా ఇస్తున్నారు. యానిమేషన్లు, పాయింట్లు, బ్యాడ్జీలు పెట్టించమని ఒకరు. చూసి నేర్చుకునేవాళ్లకు ఒకటి, విని నేర్చుకునేవాళ్లకు ఒకటి, రెండు వెర్షన్లు చేయమని ఇంకొకరు. నా చేతిలో ఒక్కసారి మార్చుకునే వీలు మాత్రమే ఉంది. దేంతో మొదలుపెట్టమంటారు?

పాఠాల_సంచి

రెండు విషయాలే చెబుతాను, మిగతాది నాకంటే అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు.

చూసేవాళ్లకొకటి, వినేవాళ్లకొకటి చేయకండి. మనిషికి నచ్చిన పద్ధతిలోనే చెబితే బాగా నేర్చుకుంటాడన్న మాటకు తగిన ఆధారం ఉందా అని హెరాల్డ్ పాష్లర్, ఆయన తోటి పరిశోధకులు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. అంత శ్రమకూ ఖర్చుకూ తగిన ఆధారం దొరకలేదన్నారు. ఏ పద్ధతి వాడాలో విషయాన్ని బట్టి తేలుతుంది. సూది పట్టుకునే కోణం అందరికీ బొమ్మలోనే చూపించాలి, వినేవాళ్లకు మాటల్లో చెబితే కుదరదు కదా.

రెండోది, స్లైడు మీద ఉన్నదాన్నే చదివి వినిపించడం. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చెప్పిన సూత్రాల్లో ఇదొకటి: తెర మీద బొమ్మ ఉండి, గొంతు దాన్ని వివరిస్తున్నప్పుడు, అవే మాటలు అక్షరాల్లో కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుంది. కళ్లు అక్షరాల వెంట పోతాయి, చెవి వెనకబడుతుంది, బొమ్మను ఎవరూ చూడరు. బొమ్మ ఉంచండి, గొంతు ఉంచండి, పేరాలు తీసేయండి.

స్టోరీబోర్డు_రాస్తాను

వార్డు_టీచర్ గారూ, మీరు ముందు ఒకటి గుర్తించాలి. చాలామంది కోర్సు పెట్టాక ల్యాబ్‌కు వెళ్లి లెక్క అడగరు. తెల్లవారుజామున వార్డులో నిలబడరు. పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, అలా వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మీకు కావలసిన సమాచారంలో సగం ఆ ఒక్క ఉదయమే దొరికింది.

ఆ అమ్మాయి ఏమంది? రూలు తెలుసంది. అంటే మీ కోర్సు తెలియనివాళ్లకు తెలియజెప్పే కోర్సు. కావలసింది అది కాదు. తెలిసీ చేయలేకపోతున్నారు. అందులో కొంత అలవాటు, కొంత ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవడం, కొంత అచ్చంగా ప్రింటర్ ఉన్న చోటు. మొదటి రెండింటికీ కోర్సు సాయం చేస్తుంది. మూడోదానికి చేయదు. ప్రింటర్ స్టేషన్‌లో ఉంటే లేబుళ్లు స్టేషన్‌లోనే పుడతాయి. తోపుడు బండి మీద పెట్టుకునే చిన్న ప్రింటర్ అడగండి, లేదా ఒకసారికి ఒక్క పేషెంటు లేబుళ్లు మాత్రమే బయటికొచ్చేలా మార్చమనండి. కోర్సు తిరగరాయడానికి ముందే ఈ ఉత్తరం రాయండి. లేకపోతే యంత్రం పెట్టే తప్పును మనుషుల చేత దిద్దించాలని చూసినట్టవుతుంది.

నా మొదటి కోర్సు గురించి చెబుతాను. ఒక గోదాములో రసాయనాల డబ్బాలు దింపేవాళ్ల కోసం, అరవై నిమిషాలది. చట్టం ఏమంటుంది, కంపెనీ విధానం ఏమిటి, రసాయనాలు ఎన్ని రకాలు, అన్నీ వరసగా పెట్టాను. చూపించడానికి వెళ్తే, డబ్బాలు మోసే ఒకాయన స్క్రీన్ వైపు కాసేపు చూసి, "కింద కారితే ముందు ఏం చేయాలమ్మా?" అని అడిగాడు. ఆ జవాబు నా 47వ స్లైడులో ఉంది. ఆయనకు రోజూ కావలసింది అదొక్కటే. ఆ రాత్రి 47వ స్లైడును మొదటికి తెచ్చి, దాని ముందున్న వాటిలో దేనికైనా చోటు అవసరమా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. పదకొండు మిగిలాయి.

మీరూ అలాగే వెనక నుంచి మొదలుపెట్టండి. మీ కోర్సు లక్ష్యం బహుశా "శాంపిల్ లేబులింగ్ ప్రాముఖ్యతను అర్థం చేసుకుంటారు" అని రాసి ఉంటారు. అర్థం చేసుకోవడం కంటికి కనబడదు. మనిషి ఏం చేయాలి, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత సరిగా చేస్తే చాలు, ఈ మూడూ లక్ష్యంలో ఉండాలని శిక్షణ నిపుణుడు రాబర్ట్ మేగర్ 1962లోనే చెప్పాడు. మీ విషయంలో ఇలా ఉండొచ్చు: "ఒకే రౌండులో పది మందికి రక్తం తీయాల్సి వచ్చినా, ప్రతి ట్యూబుకూ, రక్తం తీశాకే, పేషెంటు పక్కన ఉండగానే, పేరూ పుట్టినతేదీ పేషెంటు నోటితోనే చెప్పించుకుని లేబుల్ అంటిస్తారు." ఈ వాక్యం గోడకు అంటించుకుని, 84 స్లైడ్లలో ఏది దీనికి పనికొస్తుందో చూడండి. గాజు ట్యూబుల నుంచి ప్లాస్టిక్ దాకా చరిత్ర ఉందా? తీసేయండి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ట్యూబులో ఉండే మందు తర్వాతి ట్యూబులో కలిస్తే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనబడుతుందన్న కారణం ఉందా? అది ఉంచండి. కారణం తెలిస్తేనే ఏ ట్యూబు తర్వాత ఏది నింపాలన్న వరస గుర్తుంటుంది. కానీ ఏ రంగు మూత తర్వాత ఏ రంగు అన్న వరసను బట్టీ పట్టించకండి. చిన్న కార్డు మీద ముద్రించి ట్రేకు కట్టండి. చేతికి అందే చోట పెట్టగలిగినదాన్ని తలలో మోయించనక్కర్లేదు.

మనసు ఒకేసారి పట్టుకోగలిగేది చాలా కొంచెం. మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఏడు అంశాలన్నాడు, అటూ ఇటూ రెండు. నెల్సన్ కోవన్ 2001లో పరిశీలించి దాదాపు నాలుగే అన్నాడు. జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చిన కాగ్నిటివ్ లోడ్ (నేర్చుకునేటప్పుడు మనసు మీద పడే బరువు) అనే మాటకు ఇదే పునాది. మీ స్లైడులో ఆసుపత్రి లోగో, అలంకారం బొమ్మ, ఏడు బుల్లెట్లు, గొంతు, వెనక సంగీతం ఉంటే, ఆ నాలుగు గదులూ పాఠం రాకముందే నిండిపోతాయి. యానిమేషన్, బ్యాడ్జీల సంగతికి ఇదే జవాబు. సూది కదలిక చూపించే యానిమేషన్ పాఠమే. ఎగిరొచ్చే అక్షరాలు, బ్యాడ్జీలు మనిషి దృష్టిని పనిలోంచి తీసి తమ మీద పెట్టుకుంటాయి.

ఇక క్విజ్. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. "లేబుల్ ఎప్పుడు అంటించాలి?" అని అడిగి నాలుగు జవాబులిస్తే, పాఠం వినకపోయినా సరైనది కనబడుతుంది. అక్కడ కొలిచింది గుర్తుపట్టడాన్ని. వార్డులో కావలసింది నిర్ణయం. అందుకని వార్డునే ప్రశ్నలోకి తీసుకురండి. ఒకటి రాసి చూపిస్తాను, మీరు దిద్దుకోండి.

"ఉదయం 6:10. నాలుగో బెడ్ పేషెంటుకు రక్తం తీశారు. రెండు ట్యూబులు చేతిలో ఉన్నాయి, లేబుల్ ఇంకా అంటించలేదు. ఐదో బెడ్ పేషెంటు చెయ్యెత్తి సెలైన్ ఆగిందని పిలుస్తున్నారు. ఇంకా ఆరుగురు మిగిలారు. ఇప్పుడేం చేస్తారు?

ట్యూబులు ట్రేలో పెట్టి, సెలైన్ చూసి వచ్చి లేబుల్ అంటిస్తారు.
ట్యూబులు మరచిపోకుండా జేబులో వేసుకుని సెలైన్ చూస్తారు.
'ఒక్క నిమిషంలో వస్తా' అని ఐదో బెడ్‌కు చెప్పి, నాలుగో బెడ్ దగ్గరే పేరు చెప్పించుకుని లేబుల్ అంటించి, తర్వాత వెళ్తారు."

మొదటిది నొక్కినవాళ్లకు "తప్పు" అని ఎర్ర అక్షరాల్లో చూపించకండి. జరగబోయేది చూపించండి: "తిరిగొచ్చేసరికి ట్రేలో లేబుల్ లేని ట్యూబులు నాలుగున్నాయి. పక్క నర్సు ఆరో బెడ్‌వి కూడా ఇందులోనే పెట్టింది. ఏవి ఎవరివో చెప్పే దారి లేదు. నాలుగూ పారేసి ఇద్దరినీ మళ్లీ గుచ్చాలి." ఇదే చోట ఇంకో ప్రశ్న కూడా అడగాలి: పక్క బెడ్‌లో ఆగింది సెలైన్ కాదు, ఊపిరి అయితే? అప్పుడు పరుగెత్తాల్సిందే. తిరిగొచ్చాక ఆ రెండు ట్యూబులూ పారేసి కొత్తగా తీయడమే సరైన పని. ఇలాంటి మినహాయింపును కోర్సు ఒప్పుకోకపోతే, మా పని తెలియనివాళ్లు రాసిన కోర్సని నర్సులు మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చేస్తారు.

జవాబులు మూడు చాలు. మైఖేల్ రోడ్రిగెజ్ 2005లో ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, మూడు ఎంపికలే మేలని తేల్చాడు. నాలుగోది ఎవరూ నొక్కని చోటు నింపుడే. మూడూ వార్డులో నిజంగా ఎవరో ఒకరు చేసేవే కావాలి. తప్పు జవాబుల కోసం మీరు ఊహించుకోనక్కర్లేదు, ల్యాబ్ వెనక్కి పంపిన ఆ 29 శాంపిళ్ల కాగితాలు తెచ్చుకోండి. ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్న.

ప్రశ్నలన్నీ చివర గుట్టగా పెట్టకండి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో విద్యార్థులకు ఒక పాఠం చదివించి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు చేసుకుని రాసినవాళ్లకు 56 శాతం, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది. మీ 91 సగటు ఆ ఐదు నిమిషాల పరీక్ష లాంటిది. కోర్సును పది పన్నెండు నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. అయిపోయాక మూడు రోజుల తర్వాత ఒకటి, పది రోజుల తర్వాత ఒకటి, నెల తర్వాత ఒకటి, ఇలా ఒక్కొక్క ప్రశ్న పంపండి.

మరో మాట, భాష గురించి. మీ స్క్రిప్టు నేను చూడలేదు. కానీ మన దగ్గర చాలా కోర్సులు "నమూనా సేకరణ అనంతరం నామపత్రమును అతికించవలెను" అంటాయి. మీరు క్లాసులో ఇలా మాట్లాడి ఉండరు. "రక్తం తీశారు కదా, ఇక కదలకండి. ఇక్కడే, ఇప్పుడే లేబుల్" అని ఉంటారు. అదే రాయండి. రాసింది పైకి చదవండి. నోటికి అడ్డం పడిన వాక్యం చెవికీ అడ్డం పడుతుంది.

రాత్రి_డ్యూటీ

నేను కోర్సులు తయారు చేసేదాన్ని కాదు, చేయించబడేదాన్ని. నర్సునే, వేరే ఆసుపత్రిలో. వార్డు_టీచర్ మేడమ్, మీరు ఇంత బాధపడి అడుగుతున్నారు కాబట్టి మా వైపు నుంచి కూడా వినండి.

కోర్సు చేసేది రాత్రి రెండున్నరకు, ఫోన్‌లో, స్టేషన్‌లో నిలబడి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకూడదు, పేషెంట్ల మానిటర్ శబ్దం వినబడాలి. గొంతు తప్ప స్క్రీన్ మీద ఏమీ లేని కోర్సు మాకు మూగ బొమ్మే. పైన ఒకరు పేరాలు తీసేయమన్నారు, ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. కానీ మాకు అక్షరాలు కావాలి.

నెక్స్ట్ బటన్‌కు తాళం వేస్తే మేం వినం. ఫోన్ బల్ల మీద పెట్టి పని చూసుకుంటాం, శబ్దం ఆగినప్పుడు వచ్చి నొక్కుతాం. అలా గంట కోర్సు పూర్తి చేసినవాళ్లు మా వార్డులో చాలామంది. అది బద్ధకం కాదు. బెల్ మోగితే వెళ్లాలి.

అన్నిటికంటే ఏడిపించేది మధ్యలో మూసేస్తే మళ్లీ మొదటి నుంచి రావడం. నేను ఒక కోర్సు మొదటి ఇరవై నిమిషాలు నాలుగుసార్లు చేశాను. ఐదోసారి జవాబులు మా స్నేహితురాలిని అడిగి నొక్కేశాను. ఆ కోర్సు దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు, ఆ ఇరవై నిమిషాల సంగీతం గుర్తుంది.

ఇంకొకటి. నేను ఈ పని తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. నిన్న చేరిన పిల్లలకూ నాకూ ఒకటే కోర్సు ఇస్తే, నాకు తెలిసినదంతా ఓపిగ్గా విన్నాకే తెలియనిది వస్తుంది. ముందే నన్ను పరీక్షించండి. తెలిస్తే వదిలేయండి.

స్టోరీబోర్డు_రాస్తాను

రాత్రి_డ్యూటీ గారూ, మీరు రాసినది ప్రింట్ తీసి నా బల్ల దగ్గర పెట్టుకుంటున్నాను.

అక్షరాల విషయంలో మీదే సరి. ప్రయోగశాలలో విద్యార్థి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే పని లేకుండా కూర్చుంటాడు. మీరు అలా లేరు. వినడం కష్టమైనవాళ్లకు, ఆ భాష అంతగా రానివాళ్లకు కూడా అక్షరాలు కావాలి. అందుకని క్యాప్షన్లు తప్పకుండా ఉండాలి. పెట్టుకోవాలా వద్దా అన్నది చూసేవాళ్ల చేతిలో ఉండాలి. తీసేయాల్సింది స్లైడు నిండా పరిచిన పేరాలను.

తొమ్మిదేళ్ల అనుభవం గురించి చెప్పింది కూడా పరిశోధనల్లో ఉన్నదే. కొత్తవాళ్లకు సాయం చేసే వివరణే అనుభవం ఉన్నవాళ్లకు అడ్డుపడుతుంది. స్లావా కల్యుగా, స్వెల్లర్, మరికొందరు 2003లో దీన్ని ఎక్స్‌పర్టైజ్ రివర్సల్ అన్నారు. కొత్తవాళ్లకు ముందు ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చేసి చూపించండి, తర్వాత సగం చేసి ఇవ్వండి, ఆ తర్వాత వాళ్లకే వదిలేయండి. అనుభవం ఉన్నవాళ్లను నేరుగా కష్టమైన సందర్భంలోకి పంపండి. దాన్ని దాటితే అక్కడితో వాళ్ల కోర్సు అయిపోయినట్టే.

సర్వర్_గది

నేను ఎల్‌ఎంఎస్, అంటే ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్, చూసుకునేవాణ్ని. మళ్లీ మొదటి నుంచి రావడం వెనక ఉన్న సంగతి చెబుతాను, ఎందుకంటే దీనికి నర్సులూ డిజైనర్లూ ఒకరినొకరు నిందించుకోవడం చూశాను.

కోర్సూ ఎల్‌ఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని స్కార్మ్ అంటారు. చాలాచోట్ల కోర్సులు ఇప్పటికీ స్కార్మ్ 1.2 రూపంలోనే ఎక్కిస్తారు. అది 2001 నాటిది. మనిషి ఎక్కడ ఆగాడో, ఏం నొక్కాడో దాచుకునే ఒక అర అందులో ఉంటుంది, సస్పెండ్ డేటా అంటారు. దాని హద్దు 4,096 అక్షరాలు. 84 స్లైడ్లు, ప్రతిదానిలో నొక్కే బటన్లు ఉంటే, కోర్సు రాసుకునే సమాచారం ఆ అర దాటిపోతుంది. ఎల్‌ఎంఎస్ మిగతాది కత్తిరిస్తుంది, లేదా మొత్తం తిప్పికొడుతుంది. తర్వాత తెరిస్తే మొదటి స్లైడే. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో ఈ హద్దు 64,000. మీ ఎల్‌ఎంఎస్ దాన్ని తీసుకుంటుందేమో అడగండి. తీసుకోకపోతే, పైన చెప్పినట్టు చిన్న ముక్కలుగా కోస్తే ఈ జబ్బు కూడా దానంతటదే పోతుంది.

ఎవరు ఏ తప్పు జవాబు నొక్కారో చూడాలంటే ముందే చెప్పి పెట్టించండి. 2013లో వచ్చిన ఎక్స్‌ఏపీఐ అనే కొత్త పద్ధతి అయితే ఇలాంటివి వివరంగా రాసుకోగలదు. మార్కు ఒక్కటే వస్తే మీకు పనికిరాదు. ఆరో ప్రశ్నలో ఎక్కువమంది "జేబులో వేసుకుంటారు" నొక్కారని తెలిస్తే పనికొస్తుంది.

మీ విషయంలో ప్రత్యేకంగా ఇంకొకటి. ట్యూబుల మూతలు రంగులతో గుర్తుపడతారు కదా. రంగులు సరిగా కనబడనివాళ్లు ఉంటారు, వాళ్లకు నీలం మూత, ఊదా మూత ఒకేలా ఉండొచ్చు. "ఊదా ట్యూబును లాగి ఇక్కడ వదలండి" అంటే వాళ్లు తెలిసీ తప్పు చేస్తారు. బొమ్మ మీద ట్యూబు పేరు కూడా రాయండి. అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండాలని చెప్పే ప్రమాణం) చెబుతుంది, మసక వెలుగులో ఫోన్ చూసే రాత్రి డ్యూటీవాళ్లందరికీ అది మేలే. లాగి వదలడం తప్ప వేరే దారి లేని ప్రశ్నలు వద్దు, కీబోర్డుతో కూడా చేయగలగాలి.

అందరికీ వదిలే ముందు ఐదుగురి చేత చేయించి, పక్కన కూర్చుని చూడండి. మీరు ఏమీ మాట్లాడకండి. ఇది కష్టం, కానీ మాట్లాడితే కోర్సులో లేనిది మీరు అందించేస్తారు.

వార్డు_టీచర్

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పది వారాలైంది. చేసినదీ, జరిగినదీ చెప్పడం నా బాధ్యత అనిపించి వచ్చాను.

మొదట ప్రింటర్ ఉత్తరం రాశాను. తర్వాత ల్యాబ్ నుంచి కాగితాలు తెచ్చుకుని నేల మీద పరిచి చూశాను. 29లో 17 ఒకే వేళవి, ఉదయం ఐదున్నరకూ ఏడుకూ మధ్య. ఎనిమిది బెడ్ మారిన పేషెంట్లవి, అంటే బెడ్ నంబరు చూసి పేరు అనుకున్నవి. ఇన్నేళ్లు క్లాసు చెప్పాను, ఇది నాకు తెలియదు. బెడ్ నంబరు గుర్తింపు కాదని 61వ స్లైడులో ఒక్క లైను ఉంది, అంతే.

84 స్లైడ్లు పోయి పద్నాలుగు సందర్భాలు మిగిలాయి, నాలుగు ముక్కలుగా. ఒక్కొక్కటి తొమ్మిది నుంచి పన్నెండు నిమిషాలు. తాళాలు తీసేశాను. తీయడానికి భయమేసింది, దాటేస్తారని. మొదటి ఐదుగురి పక్కన కూర్చున్నప్పుడు ఆ భయం పోయింది, ఎందుకంటే ప్రశ్న మొదట్లోనే రావడంతో దాటడానికి ఏమీ లేదు. కానీ ఆ ఐదుగురిలో ముగ్గురు ఒకే చోట ఆగారు. "పేషెంటును పేరు అడుగుతారు" అని నేను రాసినదాన్ని, "మీరు ఫలానా వారే కదా?" అని అడగడంగా తీసుకున్నారు. మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటాడు. నాకు ఎంతో తేలిక అనిపించిన మాట అది. ఆ ఒక్క విషయానికి ఇప్పుడు ఒక సందర్భం మొత్తం ఇచ్చాను: పేషెంటు కళ్లు మూసుకుని ఊ అంటారు, ముందుకు వెళ్తే రిపోర్టు మారిపోతుంది.

గొంతు మళ్లీ నాదే, ఈసారి కాగితం చూడకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. క్యాప్షన్లు పెట్టాం. ట్యూబులన్నిటికీ పేర్లు రాశాం. అనుభవం ఉన్నవాళ్లకు ముందు మూడు కష్టమైన సందర్భాలు ఇచ్చాం. దాటినవాళ్లు పావుగంటలో బయటపడ్డారు. సీనియర్ సిస్టర్ ఒకరు నాకు ఫోన్ చేసి, "నా టైమును ఈ ట్రైనింగ్ గౌరవించింది" అన్నారు. ఆమె ఇంతకుముందు ఎప్పుడూ నాకు ఫోన్ చేయలేదు.

పోయిన నెల ల్యాబ్ వెనక్కి పంపినవి 14. ఒక్క నెల లెక్కతో సంబరపడకూడదని తెలుసు, ఇంకో మూడు నెలలు చూస్తాను. ఆ 14లో తొమ్మిది ఒకే వార్డువి. మిగతా వార్డులకు బండి మీది ప్రింటర్లు వచ్చాయి, అక్కడికి ఇంకా రాలేదు. ఆ వార్డు నర్సులు కోర్సులో అందరిలాగే బాగా చేశారు. పోయిన మంగళవారం మళ్లీ తెల్లవారుజామున వెళ్లి చూశాను. ఒక అమ్మాయి ప్రతి పేషెంటుకూ స్టేషన్ దాకా నడిచి వెళ్లి, ఒక్కరి లేబుళ్లే తీసుకుని తిరిగి వస్తోంది. పదకొండు మందికి పదకొండుసార్లు నడవాలి. ఏడింటికి ఇంకా నలుగురు మిగిలారు, ఆ నలుగురివీ ఒకేసారి తీసేసింది.

ఆ వార్డుకు నెల తర్వాతి ప్రశ్న పంపడం ఆపాను. ఆ అమ్మాయి నడిచిన అడుగులు లెక్కపెట్టి, ల్యాబ్ కాగితాలతో పాటు ప్రింటర్ కోసం రాసిన రెండో ఉత్తరానికి జతచేశాను.